తగలని దెబ్బ

మునిరాజు కుంటుకుంటూ దుకాణంలోకి వచ్చాడు. చీరలు బేరమాడుతున్న ఆడవాళ్ళంతా తలలు తిప్పి చూశారు.

"ఏమైందప్పా కాలికి?" అంది ఒకామె.

"కుస్తీలో దేవనహళ్ళి పైల్వాను నా మీద పడినాడక్కా."

మర్నాడు ఇంకొకామె అడిగేసరికి ఆ పైల్వాన్లు ఇద్దరయ్యారు. ఆ తర్వాత అడిగినవాళ్ళకు కథలోకి ఒక ఎద్దు కూడా వచ్చింది.

నిజానికి మునిరాజు ఎక్కడా పడలేదు.

అతనికి ఇరవై ఏళ్ళుంటాయి. బెంగళూరు చిక్కపేటలో మేనమామ చిన్నప్ప పట్టుచీరల దుకాణంలో పనిచేస్తూ, సాయంత్రాలు గరిడీలో కుస్తీ పట్టేవాడు. ఉన్నట్టుండి మోకాలి కింద ఎముకలో నొప్పి పుట్టింది. పగలు ఎలాగో ఓర్చుకునేవాడు. రాత్రయితే కన్ను మూతపడేది కాదు. తర్వాత అక్కడ రాయిలాంటి వాపు వచ్చింది. మనిషి చిక్కిపోయాడు.

దెబ్బ తగలకుండానే కుంటేవాడు పైల్వానేమిటని జనం నవ్వుతారు గదా. అదీ అతని భయం.

చిన్నప్ప ఆముదం రుద్దించాడు. చింతాకు కాపడం పెట్టించాడు. దిష్టి తీయించాడు. ఏదీ పనిచేయక చివరికి మేనల్లుణ్ణి రైలెక్కించి కాడుగోడి తీసుకుపోయాడు. అక్కడి ఓబళప్ప కట్టు కడితే ఎంతటి ఎముకైనా అతుక్కుంటుందని పేరు. కట్టుకు కోడిగుడ్ల సొన కావాలన్నారని, చిన్నప్ప ఒక బుట్ట నిండా గుడ్లు కూడా తెచ్చాడు.

ఓబళప్ప ఇంటి అరుగు మీద జనం తమ కాళ్ళూ చేతులూ తామే పట్టుకుని కూర్చున్నారు. వాళ్ళ మధ్య ఒక ముసలమ్మ తిరుగుతోంది.

"నువ్వు యాడ పడినావప్పా?"

"చింతచెట్టు మింద నుంచి, అవ్వా."

"బాగుండాది. లోపలికి పో."

ఆమె మునిరాజు ముందుకొచ్చి చతికిలబడింది.

"నువ్వు?"

"కుస్తీలో."

"ఎప్పుడు?"

"పోయిన నెల," అన్నాడు మునిరాజు.

"ఉగాదికి," అన్నాడు చిన్నప్ప అదే క్షణంలో.

ముసలమ్మ ఇద్దరినీ మార్చి మార్చి చూసింది.

"ఇద్దరూ ఒకే కాలు గురించే చెప్తా ఉండారా?"

అరుగంతా ఘొల్లుమంది.

ఆమె మాత్రం నవ్వలేదు. వాపు మీద చెయ్యి పెట్టింది.

"రాత్రిళ్ళు నొప్పి జాస్తి అవుతాదా?"

మునిరాజు కాలు వెనక్కి లాక్కున్నాడు.

"తిన్న కూడు ఒంటికి పట్టేది లేదా?"

"నీకెందుకవ్వా అదంతా?"

"నిజం చెప్పు. పడినావా, లేదా?"

పైల్వాను తల దించుకున్నాడు. "పడలేదు."

"అట్లయితే లెయ్. ఇది కట్టు కట్టే కాలు కాదు. బెంగళూరు పెద్దాస్పత్రిలో ఎముకలకు ఫోటో తీస్తారంట. అక్కడికి పో."

చిన్నప్పకు మండింది.

"మేమొచ్చింది ఓబళప్ప కాడికి. నడుమ నువ్వెవురమ్మా?"

ఆమె లేచింది. గుడ్ల బుట్ట చంకన పెట్టుకుని వీధిలోకి నడిచింది.

"గుడ్లు! నా గుడ్లు!" అంటూ చిన్నప్ప పరుగెత్తాడు. వెనకాల మునిరాజు కుంటుకుంటూ వెళ్ళాడు.

ముసలమ్మ ఆగలేదు. స్టేషనుకు పోయి, బెంగళూరు రైలెక్కి కూర్చుంది.

"ఆస్పత్రి గేటు కాడ ఇస్తా," అంది.

రైలు కదిలింది. దారి పొడుగునా ఆమె బుట్టను కావలించుకుని కునికిపాట్లు పడింది. చిన్నప్ప మెల్లగా చెయ్యి చాపినప్పుడల్లా ఒక కన్ను మాత్రం తెరిచేది.

గేటు దగ్గర అన్న ప్రకారం బుట్ట చిన్నప్ప చేతికిచ్చింది.

"ఒకటీ పగల్లేదు. చూసుకో," అని స్టేషను దారి పట్టింది.

ఇంత దూరం వచ్చాం కదా అని ఇద్దరూ లోపలికి వెళ్ళారు.

డాక్టరు ఎక్స్‌రే ఫోటోను వెలుతురుకు పట్టి చాలాసేపు చూశాడు.

"ఎముకలో కాన్సరు," అన్నాడు.

"ఎందుకొచ్చింది సామీ? దిష్టా?" అన్నాడు చిన్నప్ప.

"దిష్టీ కాదు, దెబ్బా కాదు. ఎందుకు వస్తుందో మాకే సరిగ్గా తెలియదు. మోకాలి పైదాకా కాలు తీసెయ్యాలి. ఊపిరితిత్తులకు పాకిందంటే ఇక మా చేతుల్లో ఉండదు."

చిన్నప్ప గుడ్ల బుట్ట ఒళ్ళో పెట్టుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

కాలు తీసేశారు. మునిరాజు బతికాడు గానీ, ముసలమ్మను తిట్టని రోజు లేదు.

"ఆ ముసిల్ది గుడ్లెత్తుకుని పోకుంటే నా కాలు నాకుండును మామా!"

కర్రకాలు పెట్టించుకుని మళ్ళీ దుకాణంలో కూర్చున్నాడు. అడిగినవాళ్ళకు ఇప్పుడు జరిగింది జరిగినట్టే చెప్పేవాడు. గుడ్ల సంగతి వచ్చేసరికి ఎవరూ నమ్మేవారు కాదు.

కొన్నేళ్ళు గడిచాయి. ఒకసారి పరీక్షకు వెళితే డాక్టరు అతని వీపు తట్టాడు.

"ఈ జబ్బుతో వచ్చేవాళ్ళు కట్టు మీద కట్టు కట్టించుకుని, అంతా మించిపోయాక వస్తారు. నిన్ను అంత త్వరగా పంపిందెవరయ్యా?"

"ఒక అవ్వ సామీ," అన్నాడు మునిరాజు. ఆమె పేరైనా తనకు తెలియదు.

మర్నాడే దుకాణంలో ఉన్నవాటిలో మంచి చీర తీసుకుని కాడుగోడి వెళ్ళాడు.

అరుగు మీద జనం ఉన్నారు. ముసలమ్మ కనబడలేదు. లోపలినుంచి ఓబళప్పే వచ్చాడు.

"ఈడ ఒక అవ్వ ఉండేది. వచ్చినోళ్ళను ఆస్పత్రికి తరిమేది..."

"కెంపమ్మ," అన్నాడు ఓబళప్ప. "పోయిన కార్తీకంలో పోయిందప్పా."

మునిరాజు చేతిలో చీర అలాగే ఉండిపోయింది.

"మీ వాకిట్లోనే నిలబడి మీ కట్టు వద్దని చెప్తా ఉంటే, ఆమెను మీరేమీ అనలేదా?"

ఓబళప్ప ఆ చీర అందుకుని కళ్ళకద్దుకున్నాడు.

"ఏమనేదప్పా, కెంపమ్మ నా పెండ్లాము, మా ఒక్క కొడుక్కి ఇట్లే వాపొస్తే, ఆస్పత్రికి పోదామని ఆమె ఎంత మొత్తుకున్నా వినకుండా కట్టు కట్టింది నేనే."