తలకు కట్టు

సగుణ భర్త తలకు కట్టు కడుతోంది.

తలకు దెబ్బేమీ లేదు.

దెబ్బ పొట్టకు తగిలింది. దత్తోబా పసుపు యార్డులో హమాలీ. పని ముగించుకుని సైకిల్ మీద ఇంటికి వస్తుంటే, బస్సును దాటబోయిన కారు ఒకటి అతని వైపుకు దూసుకొచ్చి డొక్కలో గుద్దింది. రక్తం చుక్క రాలలేదు. లేచి నిలబడి, సైకిల్ హ్యాండిల్ సరిచేసుకున్నాడు కూడా.

ఆస్పత్రిలో కోసి చూస్తే లోపలంతా రక్తమే. ప్లీహం చితికిపోయిందని తీసేశారు.

అప్పటి నుంచి అతను వంగితే లేవలేడు. బస్తా ఎత్తలేని హమాలీకి యార్డులో చోటు లేదు. ముఠా వాళ్లు కొన్నాళ్లు తమ కూలిలోంచే అతని వాటా పంపారు. ఇప్పుడు పంపడం లేదు. వాళ్లను తప్పు పట్టడానికీ లేదు.

ఇక మిగిలింది నష్టపరిహారం కేసు ఒక్కటే.

అదీ గట్టిగా లేదు. సైకిలే అడ్డంగా తిరిగిందని పోలీసులు రాసుకున్నారు. బస్సు ఆగకుండా వెళ్లిపోయింది. చూశామని చెప్పేవాళ్లు లేరు. పైగా పొట్ట మీది కోత ఎప్పటిదో పాత ఆపరేషన్‌దని బీమా కంపెనీ వకీలు వాదిస్తున్నాడు.

కంపెనీ మనుషులు ఊరికే పలకరించినట్టు వచ్చి చూసిపోతుంటారని, ఎవరొచ్చినా ఉన్నది ఉన్నట్టు చెప్పమని దత్తోబా తరఫు వకీలు పాఠక్ ముందే హెచ్చరించాడు.

పక్కింటి మహాదూ కాకాకు అది నచ్చలేదు. ఆయనకు కాలు విరిగి, కోర్టులో పరిహారం గెలిచిన అనుభవం ఉంది.

"వకీలుది చదువు, నాది అనుభవం. నా కుంటికాలు కోర్టు కంటికి కనబడింది, ఇచ్చింది. నీ కడుపులోది ఎవడికి కనబడుతుందిరా? తలకు కట్టు కట్టించుకో. పొట్ట ఊసెత్తావా, మళ్లీ పాత ఆపరేషన్ అంటారు."

"తలకేమీ కాలేదు కదా కాకా," అన్నాడు దత్తోబా.

"తలలో ఏమన్నా ఉంటే కదరా కావడానికి."

ఆ పొద్దున టీ కొట్టు దగ్గర ఎవరో పెద్దాయన దత్తోబా ఇల్లు ఎక్కడని అడుగుతున్నాడని కాకాయే కుంటుకుంటూ వచ్చి చెప్పాడు. అందుకే ఈ హడావుడి.

కట్టు ముడి వేసేసరికి గుమ్మంలో దగ్గు వినిపించింది.

తెల్లటోపీ, ఇస్త్రీ చేసిన ధోవతి. ఇటు పనుండి వచ్చానని, ప్రమాదం సంగతి తెలిసి చూసిపోదామనుకున్నానని చెప్పాడు. పేరు అడిగితే చెప్పలేదు. కాకా సగుణకు కన్ను గీటాడు.

శత్రువైనా సరే, ఇంటికొచ్చిన మనిషికి టీ ఇవ్వకుండా ఉండటం సగుణకు చేతకాదు. ఇచ్చింది.

"ఎక్కడ తగిలింది బాబూ?" అని అడిగాడు పెద్దాయన.

దత్తోబా కళ్లు మూసుకున్నాడు. సగుణే జవాబిచ్చింది.

"తలకు."

"తలకా?"

"తలకే. మనుషుల్ని గుర్తుపట్టడం లేదు."

పెద్దాయన కప్పు కింద పెట్టాడు.

"పొట్టకేమీ కాలేదా తల్లీ? ఆలోచించుకుని చెప్పు."

పాత ఆపరేషన్ మాటకు దారి తీస్తున్నాడు అనుకుంది సగుణ.

"పొట్టకేం, బాగానే ఉంది. తిండి కూడా బాగానే తింటాడు."

దత్తోబా కళ్లు తెరిచాడు. ఏదో అనబోయాడు. కాకా అతని భుజం నొక్కి పట్టాడు.

పెద్దాయన ఇంకాసేపు కూర్చున్నాడు. దత్తోబా ముఖంలోకే చూస్తూ, ఇంకేమైనా చెప్పాల్సింది ఉందా అని అడిగాడు. లేదంది సగుణ. ఆయన టీ సగంలో వదిలేసి లేచి వెళ్లిపోయాడు.

వాడి ముఖం ఎలా మాడిపోయిందో చూశారా అని కాకా తొడ కొట్టుకున్నాడు. ఇక కంపెనీ నోరెత్తదన్నాడు.

ఆ పూట సగుణ సంతోషంగా జొన్నరొట్టెలు చేసి, వేరుశనగ పచ్చడి నూరింది. దత్తోబా రెండు తుంపులు తిని, ఇక దిగడం లేదన్నాడు.

వాయిదా రోజు పాఠక్ మాటిమాటికీ కోర్టు హాలు తలుపు వైపు చూశాడు. ఒక్క సాక్షి రావాలని, మధ్యాహ్నం దాకా ఆగమని జడ్జిని బతిమాలాడు. భోజనాల వేళ బయటికెళ్లి ఎవరికో ఫోన్ చేసి, ముఖం వేలాడేసుకుని వచ్చాడు.

తప్పు కారుదేనని చూపించలేకపోయారని కేసు కొట్టేశారు.

వరండాలో దత్తోబా గోడ పట్టుకుని మెల్లగా కిందికి జారి కూర్చున్నాడు. పై కోర్టు ఉంది కదా అని సగుణ అడిగింది. అక్కడైనా చూసిన మనిషినే అడుగుతారన్నాడు పాఠక్. చూసిన మనిషి ఎవరున్నారని ఇంతసేపూ ఎదురుచూశారని అడిగింది.

"తెల్లటోపీ పెద్దాయన మీ ఇంటికి రాలేదా? నేనే పంపాను. సాక్ష్యం చెప్పేదాకా తన సంగతి ఎవరికీ తెలియకూడదన్నాడు, అందుకే మీకు చెప్పలేదు. దెబ్బ నిజమని తేల్చుకున్నాకే సొంతవాళ్ల మీద నోరు విప్పుతానన్నాడు. ఇందాక ఫోన్‌లో, అంతా నాటకమని తమ్ముడన్న మాటే నిజమైందని చెప్పి పెట్టేశాడు. ఏం చేశారమ్మా ఆయన ముందు?"



"కంపెనీ మనిషనుకున్నాం," అంది సగుణ.

"కంపెనీ మనిషి కాదమ్మా," అన్నాడు పాఠక్. "కారు నడిపిన కుర్రాడికి సొంత పెదనాన్న, ఆ రోజు పక్క సీట్లో కూర్చుని దెబ్బ పొట్టకు తగలడం కళ్లారా చూసినవాడు."