అరగని బూట్లు

మెట్ల మీద అడుగుల చప్పుడు వింటే చాలు, కూతురి కాళ్లు ఆ రోజు ఎలా ఉన్నాయో తల్లికి తెలిసిపోతుంది. ఉద్యోగంలో చేరిన కొత్తలో రెండేసి మెట్లు ఎక్కి వచ్చేది. ఈ మధ్య మెట్టుమెట్టుకీ ఆగుతోంది. ఇవాళ రెండో అంతస్తు దగ్గర చాలాసేపు చప్పుడే లేదు.

వస్తూనే మంచం మీద తల్లి పక్కన కూలబడింది. తల్లి ఆ కాళ్లను దుప్పటి కప్పుకున్న తన ఒళ్లోకి తీసుకుని బూట్లు విప్పింది.

నల్లబూట్లు. బట్టల దుకాణంలో అమ్మకాల దగ్గర నిలబడే ఆడవాళ్లకు దుకాణం వాళ్లే ఇస్తారు. ఇవి తల్లివి. ఆఖరుసారి ఇచ్చిన జత, పదకొండు రోజులు తొడిగిందేమో. ఊరికే పెట్టెలో పడి ఉండటం దేనికని కూతురికిచ్చింది. బూట్లొక్కటేనా, తువ్వాళ్ల అర ముందు తాను నిలబడ్డ చోటు కూడా ఇచ్చింది.

కూతురి పిక్కల మీద నరాలు నీలం దారాల్లా తేలాయి. చీలమండల దగ్గర వేలితో నొక్కితే గుంట పడుతోంది.

"డాక్టరేమన్నాడే?"

కాళ్ల నొప్పికి సవాలక్ష కారణాలుంటాయన్నాడట. వెన్నుపూస కావచ్చు, చక్కెర కావచ్చు, రక్తం సరిగా పారకపోవడం కావచ్చు. రోజుకెన్ని గంటలు నిలబడతావని అడిగాడట. పదకొండు అనగానే కలం కింద పెట్టేశాడట. ఇంట్లో ఇంకెవరికైనా ఇలా ఉందా అనీ అడిగాడట.

"లేదనే చెప్పావుగా?"

చెప్పానంది. డాక్టరు రాసిన చీటీ దుకాణానికి చేరుతుంది మరి.

తల్లి నూనె రాస్తూ తనకు తెలిసిన కిటుకులన్నీ చెప్పుకొచ్చింది. మేనేజరు అటు తిరగ్గానే కొంగజపం చెయ్యి, ఒక కాలు నిలబడితే ఒక కాలు పడుకుంటుంది. తువ్వాలొకటి జారవిడిచావనుకో, తీసే వంకతో కాసేపు గొంతుక్కూర్చోవచ్చు. ఎప్పుడూ నవ్వే పిల్ల ఇవాళ నవ్వలేదు.

"రేపు మేనేజర్ని స్టూలు అడుగుతానమ్మా."

తల్లి చెయ్యి ఆగిపోయింది. ఆ దుకాణంలో స్టూలు అడిగినవాళ్లెవరూ మర్నాడు మళ్లీ కనబడలేదు. ఈ ఉద్యోగమూ పోతే ఇద్దరి నోట్లోకీ నాలుగు వేళ్లు వెళ్లవు.

"అడిగితే పంపించేస్తారు."

"పంపిస్తే పంపించనీ. నడుస్తుంటే ఈ కాళ్లు నావి కానట్టే ఉంటున్నాయి. భయమేస్తోంది."

"సిమెంటు నేల కదే, కొత్తలో అలాగే ఉంటుంది. పోనుపోనూ అలవాటైపోతుంది."

కూతురు తల్లి వైపు ఒకసారి చూసింది. వెంటనే చూపు తిప్పుకుంది. తల్లి ఒళ్లో దుప్పటి సర్ది, గోడవైపు తిరిగి పడుకుంది.

"సరేలే, అడగను" అంది గోడతో.

తల్లి మనసు కుదుటపడింది. బూట్లకు నల్లరంగు పట్టించి, ముఖం కనబడేదాకా తుడిచింది.

"పంతొమ్మిదేళ్లు నేను నిలబడలేదూ, నాకేమైందే?" అంటూ తల్లి మంచం దిగి, బూట్లను ముందుకు నెట్టుకుంటూ, మోకాళ్ల దగ్గరే ఆగిపోయిన ఒంటిని అరచేతుల మీద గుమ్మందాకా ఈడ్చుకెళ్లి, వాటిని పొద్దుటికి సిద్ధంగా పెట్టింది.