వెనకింటి ‘సరిపోయింది’

“సరిపోయింది!”

గేటు పక్కనున్న బెల్లు డబ్బాలోంచి వెనకింటి ముసలాయన గొంతు ఆ ఒక్క మాటే అని టక్కున ఆగిపోయింది.

తలుపు తెరుచుకోలేదు. మిసుజు కాళ్ళీడ్చుకుంటూ ఇంటికొచ్చి కూలబడింది.

“అయిపోయిందండీ. వద్దన్నాడు.”

“ఏమన్నాడేంటి?” అడిగాడు భర్త తెప్పేయి.

“సరిపోయిందన్నాడు.”

“అంటే సరే అనేగా?”

“ఎలా అన్నాడో మీరు వినలేదు. సరిపోయింది, ఇంక అదొక్కటే తక్కువ... అన్నట్టు అన్నాడు!”

ఆమె అడిగిందల్లా తమ ఇంటి వెనక గోడకి బ్యాటరీ పెట్టె పెట్టుకోనిమ్మనే.

కూతురు ఇరోహాకి నిద్రలో ఊపిరి మిషను ఉండాలి. వాళ్ళుండే సముద్రపొడ్డు ఊరు మకురజాకికేమో తుఫాన్లు చుట్టాల్లా పిలవకుండానే వస్తాయి. నిరుడు కరెంటు పోతే మొగుడూ పెళ్ళాం వంతులేసుకుని, తెల్లవార్లూ చేత్తో గాలితిత్తి నొక్కి పిల్లను కాపాడుకున్నారు. ఈ ఏడు ఆ గండం రాకూడదనే ఈ పెట్టె.

బ్యాటరీ కంపెనీ నుంచి మొన్న వచ్చిన సెగావా అనే అమ్మాయి టేపు పట్టుకుని ఇల్లంతా చుట్టి చెప్పింది.

“దక్షిణం గోడకి ఎండ. వీధివైపు వాననీళ్ళు. నీడా, ఎత్తూ, పాప గదికి దగ్గరా అంటే వెనక గోడేనమ్మా. కాకపోతే చెయ్యి చాపితే వెనకింటివాళ్ళ పడగ్గది కిటికీ. పెట్టె ఫ్రిజ్‌లా మూలుగుతుంది. ముందే ఓ మాట అడగండి. తర్వాత గొడవైతే తీసేయాల్సి వస్తుంది.”

ఇంట్లో పని మొదలెడితే ఎదురు మూడిళ్ళకీ, పక్క రెండిళ్ళకీ తువ్వాళ్ళు పంచి దండం పెట్టి రావడం ఆనవాయితీ. వెనకిల్లు ఆ లెక్కలో లేదు. వాళ్ళ గుమ్మం వేరే వీధిలో ఉంది. అందుకే ఇన్నేళ్ళలో వాళ్ళ మొహాలే ఎరగదు మిసుజు. అయినా వెళ్ళి, పాప సంగతీ పెట్టె మూలుగు సంగతీ బెల్లు డబ్బాలోనే చెప్పి అడిగింది.

మర్నాడు వెనకింట్లోంచి దడదడా చప్పుళ్ళు మొదలయ్యాయి.

“విన్నారా? మన మీద కోపంతో ఏదో కడుతున్నాడు!”

“కోట కడుతున్నాడేమో. ఫిరంగులు కూడా పెడతాడు, జాగ్రత్త” అని నవ్వి, తెప్పేయి చేపలు ఎండబెట్టే షెడ్డుకి పనికెళ్ళిపోయాడు.

కాసేపటికి ఎవరో తలుపు తట్టారు. చూస్తే టోపీ పెట్టుకున్న ముసలాయన. చొక్కా నిండా దుమ్ము.

“ఇంట్లో మగాళ్ళెవరైనా ఉన్నారా?”

మిసుజు తలుపు సగం మూసింది. మోసగాళ్ళు మొదట అడిగేది ఇదే కదా!

“ఉన్నారు! ముగ్గురున్నారు! ముగ్గురికీ జూడో వచ్చు!”

“అబ్బో! అయితే ఒకరు చాలు. బ్యాటరీ వస్తోందిగా, అందుకని...”

ఓహో, బ్యాటరీల పేరు చెప్పి ముంచేవాడన్నమాట!

“మాకేం అక్కర్లేదు!”

“అది కాదమ్మా, నేను వెనక...”

“ఆ, వెనక్కే వెళ్ళండి!”

ధడాలున తలుపేసింది. కిటికీ సందులోంచి చూస్తే, ముసలాయన టోపీ తీసి, బుర్ర గోక్కుని, నిజంగానే వెనక్కి వెళ్ళిపోయాడు.

సాయంత్రం సెగావా ఫోన్ చేసింది. “అమ్మా, రేపటికల్లా చోటు తేల్చాలి. వీధివైపు రాసేసుకోనా?”

“వరదొస్తే?”

“దిమ్మ కట్టి ఎత్తు మీద పెడతాం. అయినా... మీ వీధిలో నీళ్ళు ఎంత ఎత్తొస్తాయో నేను మాటివ్వలేను.”

మిసుజుకి పెట్టె మునిగిపోయినట్టూ, మిషను ఆగిపోయినట్టూ కళ్ళకి కట్టింది.

“పొద్దున్న చెప్తాను” అని ఫోన్ పెట్టేసింది.

“నేనొచ్చి అడగనా అమ్మా?” అంది ఇరోహా. “కొంచెం దగ్గితే చాలు, ఎవరైనా ఒప్పుకుంటారు.”

“నోర్ముయ్, అపశకునం!”

పొద్దున్నే కరుకాన్ మిఠాయి డబ్బా తీసుకుని, వీధి చుట్టూ తిరిగి వెనకింటికి వెళ్ళింది. కాళ్ళ మీద పడైనా సరే ఒప్పించాలి.

ఈసారి బ్యాటరీ మాట ఎత్తగానే తలుపు తెరుచుకుంది. చిన్నగా, గుండ్రంగా ఉన్న ముసలమ్మ.

“నువ్వు బ్యాటరీ అమ్మాయివి కదూ! రా, రా. ఎప్పుడు పెడుతున్నారు? మా ఆయన ఒకటే అడుగుతున్నాడు.”

మిసుజు నోరు తెరిచింది. “ఆయన... సరిపోయిందన్నారు కదండీ?”

“అవును, ఒప్పుకున్నాడుగా! ఆయన సరే అనడమే అంత. మా నాన్న పెళ్ళిమాటకి వెళ్ళినప్పుడూ ఈయన అలాగే అన్నాడు. వద్దన్నాడనుకుని నేను వారం ఏడ్చాను.”

మిసుజుకి నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది.

“మరి నిన్న ఆ చప్పుళ్ళు?”

“మంచం జరిపాం. టేకు మంచం, ఏనుగంత ఉంటుంది. మీ ఇంట్లో ఎవరైనా చెయ్యి వేస్తారేమోనని వచ్చాడు. ఎవరో మహాతల్లి తరిమేసిందట! ఇద్దరమే లాక్కున్నాం. నడుం పట్టేసి పడుకున్నాడు పాపం.”

మిసుజు చెవులు ఎర్రబడ్డాయి. నడుం పూర్తిగా వంచి దండం పెట్టింది.

“ఆ మహాతల్లిని నేనేనండీ! మా పెట్టె మూలుగు పడదని, ఈ వయసులో మంచం అవతలికి జరుపుకోవాల్సి వచ్చింది మీకు...”

ముసలమ్మ పకపకా నవ్వింది.

“అవతలికి కాదే పిచ్చిపిల్లా, మీ గోడవైపు కిటికీ దగ్గరికి జరిపించాడు; ఆ మూలుగు ఆగిందంటే పిల్లకేమైందోనని అందరికంటే ముందు లేచి పరిగెత్తేది తనే కావాలట.”