విచారణకు ముందు

ఆర్టీవో ఆఫీసు వరండాలో శ్రీకుమార్ కూర్చోలేకపోతున్నాడు, నిలబడలేకపోతున్నాడు.

లేచి వెళ్ళి అధికారి గదివైపు తొంగిచూశాడు. తలుపు మూసే ఉంది. తిరిగొచ్చి బెంచీ మీద కూలబడ్డాడు.

ఫోను మోగింది. భార్య హేమమాలిని.

"ఇంకా పిలవలా. పిలిస్తే నేనే చెప్తాను గదా! ఊరికే ఫోన్ జేసి ప్రాణం తియ్యబాక."

పెట్టేశాక మళ్ళీ తనే చేద్దామనుకున్నాడు. చేయలేదు.

పోయిన నెల ఊరి చివర మనలిలో ఒక పెళ్ళి విందుకు వెళ్ళాడు. స్నేహితులతో కలిసి తాగాడు. ఆ మత్తులోనే తన కాల్ టాక్సీ తీశాడు. సిగ్నల్ దగ్గర ఒక కాలేజీ అమ్మాయి స్కూటీని గుద్దాడు. ఆమె కాలు విరిగింది.

పోలీసులు గొట్టం నోట్లో పెట్టి ఊదించారు. అరెస్టు చేశారు. లైసెన్సు తీసేసుకున్నారు.

బెయిలు మీద ఇంటికి వచ్చాడు గానీ, వెనకే నోటీసు వచ్చింది. లైసెన్సు ఎందుకు రద్దు చేయకూడదో వచ్చి చెప్పుకోమని.

"ఏం తంబీ, తాగిన కేసా?"

బ్రోకర్ ఆనంద్‌రాజ్ తమిళంలో పలకరిస్తూ పక్కకొచ్చి నిలబడ్డాడు. పొద్దుటి నుంచీ ఇది మూడోసారి.

"ఒప్పుకున్నావంటే పోయిందే. దగ్గు మందు తాగినానని చెప్పు. డాక్టర్ చీటీ నేను తెప్పిస్తా. సెరియా? టీ తాగొస్తా, యోచన చేసి పెట్టు."

అతను వెళ్ళగానే బెంచీ చివర కూర్చున్న పెద్దాయన ఇటు తిరిగాడు. తెల్లటి పొట్టిచేతుల చొక్కా, నిద్రలేని కళ్ళు.

"ఏమప్పా, ఫోన్లో తెలుగు మాట్లాడినావు. మనోళ్ళేనా?"

"అవును సార్."

"ఆ దగ్గు మందు మాట లోపల చెప్పబాక. నిన్ను ఊదించిన రిపోర్టు మేడమ్ టేబుల్ మీదనే ఉంటాది."

"నిజం చెప్తే మాత్రం వదిలేస్తారా?"

"వదలరు. కానీ నీ మాట వినకుండా లైసెన్సు తీసేదానికి లేదు. వినాల్సిందే. అది నీ హక్కు. తీసినా, పైన అప్పీలు ఉంది. కోర్టులో కేసు నడిపేదానికి వకీలు లేకుంటే సర్కారే ఒకర్ని ఉచితంగా ఇస్తాది. ఆడ అడుగు."

"మీరు వకీలా?"

"కాదప్పా. ఒక వకీలమ్మ కాడ కూర్చోని అన్నీ అడిగి తెలుసుకున్నా."

"మీకూ కేసుందా?"

పెద్దాయన మూసిన తలుపువైపు చూశాడు.

శ్రీకుమార్‌కి లోపల ఉడుకుతున్నదంతా ఒక్కసారి పొంగింది.

"హక్కులేంది సార్, హక్కులు! పాపకి స్కూల్ ఫీజు ఎవరు కడతారు? బండి లేకుంటే నేనేం జేసేది? ఆ పిల్ల అడ్డం రాకుండా ఉంటే నాకీ గతి పడతాదా? కండ్లు నెత్తిన పెట్టుకోని బండి తోలేది వాళ్ళు, అనుభవించేది మనం!"

పెద్దాయన ముఖం పాలిపోయింది.

"పోయి చూసినావా, ఆ పిల్లని?"

"లేదు. ఏ మొగం పెట్టుకోని పోయేది?"

"తప్పెవరిదో నీకు తెలుసప్పా. తెలిసే గదా పోలా."

శ్రీకుమార్‌కి ఒళ్ళు మండింది.

"మీ పని మీరు చూసుకోండి సార్! నాకు బుద్ధులు చెప్పేదానికి మీరెవరు?"

అప్పుడే తలుపు తెరుచుకుంది. ప్యూన్ బయటికి వచ్చి పెద్దాయన్ని రమ్మని చెయ్యి ఊపాడు.

తనని కూర్చోబెట్టి ముందు ఈయన్ని పిలుస్తారేం? శ్రీకుమార్ లేచి వరండా ఈ చివరి నుంచి ఆ చివరికి తిరిగాడు. ఆనంద్‌రాజ్ మెట్ల దగ్గర నుంచే "ఏం?" అన్నట్టు కనుబొమలు ఎగరేశాడు.

శ్రీకుమార్ ముఖం తిప్పుకున్నాడు.

కాసేపటికి పెద్దాయన బయటికొచ్చాడు. నిలబడలేదు. పోతూ పోతూ శ్రీకుమార్ భుజం మీద చెయ్యి వేసి తీశాడు.

"పో. పిలుస్తా ఉండారు."

మెట్లు దిగి వెళ్ళిపోయాడు.

లోపల అధికారి సరణ్య తమిళంలో అడిగింది. "చెప్పు. ఆరోజు ఏం జరిగింది?"

దగ్గు మందు నాలుక చివరిదాకా వచ్చింది. శ్రీకుమార్ దాన్ని మింగేశాడు.

"తాగినాను మేడమ్. తాగి బండి తీసినాను." తల ఎత్తాడు. "ఆ పిల్ల తప్పేం లేదు. ఆమెకి పచ్చ లైటు పడింది. నేనే ఆగలా."

సరణ్య అతని ముఖంలోకి చూసింది.

"ఇంకా?"

"బండి తప్ప నాకింకో పని రాదు మేడమ్. శిక్ష వెయ్యండి. శాశ్వతంగా మాత్రం తీసెయ్యొద్దు."

ఆమె కాసేపు ఏదో రాసింది.

"ఆరు నెలలు సస్పెన్షన్. ఆ తర్వాత శిక్షణ క్లాసుకు పోయి వస్తేనే లైసెన్సు ఇస్తాం. ఒప్పుకోకపోతే అప్పీలు చేసుకోవచ్చు. కోర్టు కేసు దాని దారిన అది నడుస్తుంది."

శ్రీకుమార్ చేతులు జోడించాడు. నెల రోజుల తర్వాత మొదటిసారి ఊపిరి నిండుగా ఆడింది.

"రద్దు చేయాలనే కూర్చున్నాను," అంది సరణ్య. "గుద్దినాక నువ్వు పారిపోలేదట. ఆ అమ్మాయిని ఎత్తుకుని ఆటో ఎక్కించావట. పోలీసుల కాగితాల్లో ఆ మాట లేదు. నువ్వూ చెప్పలేదు."

"తాగినోడి మాట ఎవరు నమ్ముతారు మేడమ్? అయినా మీకెట్లా తెలిసింది?"

"ఆ అమ్మాయి ఆస్పత్రిలో తెలివి రాగానే ఇంట్లోవాళ్ళకి చెప్పిందట. ఆ ఒక్క మాట నాకు చెప్పిపోవాలని పొద్దున్నే వచ్చి కూర్చున్నారు."

"ఎవరు మేడమ్?"

సరణ్య తలుపువైపు చూసింది.

"ఇందాక బయటికి వెళ్ళారే యతిరాజులు గారు, ఆ అమ్మాయి నాన్న."