సోమవారం ఇవ్వాల్సిన డైరీ

“శనివారం ఇంట్లో ఉన్నవాళ్ళు: నాన్న, అమ్మ, గ్వెల్ఫ్‌లో చదువుతున్న అభిరామ్ బావ, నేను.”

ధాత్రి డైరీ రోజూ ఇలాగే మొదలవుతుంది.

ఊళ్ళో తెలుగు మీడియం చదివి నిరుడే దేశం దాటి హామిల్టన్ వచ్చింది. క్లాసులో నోరు విప్పదు. టీచర్ వారం రోజుల డైరీ రాసి సోమవారం ఇమ్మంది. అన్నిట్లోకీ బాగున్నదాన్ని తనే క్లాసులో చదివి వినిపిస్తుందట. మాట్లాడకుండానే తనెవరో అందరికీ తెలియడానికి ధాత్రికి అదొక్కటే దారి.

ఇంగ్లీషు తప్పులు దిద్దించుకుందామని ఆదివారం పక్కింటికి వెళ్ళింది. ఇలోనాకి ఎనభై రెండేళ్ళు. మామ్మా అని పిలవడం ధాత్రే అలవాటు చేసింది. ఆవిడ పుట్టిన దేశంలో అప్పట్లో ఒకటే పార్టీ. ఓటు చీటీ మీద ఒకటే పేరు. వీధికో పార్టీ మనిషి, బడికో పార్టీ మనిషి.

నవ్వుతూ చదువుతున్న ఇలోనా ఒకచోట ఆగిపోయింది. భోజనాల దగ్గర బావ అన్న మాటలు అవి. వాన్ అనే ఊళ్ళో ఒక వేర్‌హౌస్‌లో, స్టూడెంట్ వీసా ఒప్పుకునే గంటల కంటే ఎక్కువే పని చేస్తున్నాడు. “నాకు డిగ్రీ కాలేజీ ఇస్తుందో, వేర్‌హౌస్ ఇస్తుందో తెలీట్లేదత్తా” అన్నాడు. అందరూ నవ్వారు. ధాత్రి ఒక్క మాట వదలకుండా రాసింది.

ఇలోనా ఆ పేజీ చింపేసింది.

ధాత్రికి కళ్ళనీళ్ళు తిరిగాయి. “అదే బాగా రాశాను మామ్మా. మా టీచర్ చాలా మంచిది.”

“మా టీచరూ మంచిదే.”

చింపిన కాగితం నలుపుతూ ఇలోనా చెప్పింది. తన చిన్నప్పుడు, అలాంటి ఒక శనివారం, ఇంట్లో ఉన్నది నలుగురే. అమ్మ, నాన్న, బాబాయి, తను. గోడ మీది నాయకుడి ఫొటో చూసి నాన్న ఏదో జోక్ వేశాడు. కడుపుబ్బ నవ్వుకున్నారు. గురువారం నాన్నను తీసుకెళ్ళారు. మళ్ళీ రాలేదు. బాబాయే చెప్పి ఉంటాడని, అమ్మ చనిపోయేదాకా ఆయన్ని గడప తొక్కనివ్వలేదు.

“సొంత తమ్ముడై ఉండి ఎందుకలా చేశాడు మామ్మా?”

ఇలోనా నలిపిన కాగితం గుప్పిట్లోనే పెట్టుకుని, మిగతా డైరీ ధాత్రి చేతికిచ్చి, గుమ్మం దాకా నడిపించింది.

“ఆ సోమవారం మా టీచర్ క్లాసులో చదివి వినిపించింది నా డైరీనే” అని తలుపు వేసేసుకుంది.