ఆర్విల్ ఇచ్చిన శృతి

“‘లెమ్యూల్ అండ్ ది బెల్‌గ్రోవ్స్’ అట! అంటే మేం నలుగురం నీ తోకలమా?” బార్బర్ షాపు అద్దానికి అంటించిన కాగితం మీద తమ పాటల జట్టు పేరు చూసి ఆర్విల్ భగ్గుమన్నాడు.

“నేను రాయించలేదురా బాబూ, షాపాయన రాయించాడు,” అన్నాడు లెమ్యూల్ తల దువ్వుకుంటూ.

“నువ్వు వద్దనలేదుగా!”

లెమ్యూల్ నవ్వేశాడు. ఆ నవ్వుకే ఆర్విల్‌కి ఒళ్ళు మండిపోయింది. పాట మొదలెట్టేది తను. నేల అదిరేలా ‘డుమ్ డుమ్’ అనేది తను. బాల్టిమోర్ మొత్తం వెతికినా అంత కిందికి దిగే గొంతు ఇంకోటి లేదు. ఆడపిల్లలు కేకలేసేది మాత్రం ఆ లెమ్యూల్‌గాడి కోసం! ఆఖరికి తను మనసుపడ్డ ఎర్నెస్టీన్ కూడా. కడుపు మండదూ మరి?

ఆ మధ్యాహ్నమే వీళ్ళ పాట వినడానికి రికార్డు కంపెనీ టిల్మన్ ఈ షాపుకే వస్తున్నాడు. నచ్చితే రికార్డు. లేదంటే మళ్ళీ రేవులో బస్తాల మోతే.

ఈ అయిదుగురికీ గిటారు లేదు, పియానో లేదు. ఆర్విల్ “ఊఁ” అని శృతి ఇస్తే మిగతావాళ్ళు దాన్నే పట్టుకుని పాడతారు. అదీ వీళ్ళ పద్ధతి.

‘ఇవాళ శృతి బాగా పైకిస్తా. పై చరణంలో వీడి గొంతు చీలిపోవాలి. టిల్మన్ వీణ్ణి పక్కన పెడతాడు, కాగితం మీద నా పేరొస్తుంది,’ అనుకున్నాడు ఆర్విల్. కుళ్ళుకునేవాడికి అంతకుమించి లెక్కలు రావు.

టిల్మన్ వచ్చాడు. టోపీ అయినా తీయకుండా కుర్చీలో కూలబడి “కానీండి,” అన్నాడు. గుమ్మం దగ్గర ఎర్నెస్టీనూ, ఆమె స్నేహితురాళ్ళూ మూగారు.

“ఊఁ...”

లెమ్యూల్ ఉలిక్కిపడి ఆర్విల్ వైపు చూశాడు. మొదలెట్టాక ఆగితే పరువు పోదూ! అందుకున్నాడు. పై చరణం వచ్చింది. మామూలు గొంతుకి అందలేదు. అంతే, కళ్ళు మూసుకుని దొంగగొంతులోకి జారిపోయాడు. సన్నగా, తీయగా, ఏడుపొచ్చేంత బాగా. ఎర్నెస్టీన్ “అమ్మో!” అని గుండె పట్టుకుంది. టిల్మన్ టోపీ తీసేశాడు.

ఆర్విల్‌కి అప్పుడు తెలిసొచ్చింది. శృతి అందరికీ ఒకటే. లెమ్యూల్‌తో పాటు తన ‘డుమ్ డుమ్’ కూడా పైకెక్కి కూర్చుంది. నేల అదరడం దేవుడెరుగు, షాపు అద్దం కూడా కదల్లేదు.

“మీరు నలుగురూ సోమవారం రండి. ఆ డుమ్ డుమ్ కుర్రాడు వద్దు. అలాంటి గొంతులు వీధికొకటి దొరుకుతాయి,” అన్నాడు టిల్మన్ లేస్తూ.

అడ్డం పడింది లెమ్యూలే.

“అయ్యా, వీడి అసలు గొంతు మీరింకా వినలేదు! ఇవాళ వీడికేదో అయింది. వీడు లేకుండా మేం రాం. ఇంకొక్కసారి వినండి, మీకు దణ్ణం పెడతా.”

ఆర్విల్‌కి సిగ్గేసింది, ప్రాణమూ లేచొచ్చింది. ఈసారి పాత శృతే ఇద్దామని గొంతు సవరించుకున్నాడు.

టిల్మన్ మళ్ళీ కూర్చున్నాడు. “సరే, పాడండి. కానీ ఆ శృతి మాత్రం వెంట్రుకవాసి కూడా దించొద్దు. నాకు నచ్చిందే అది.”