అక్క ఇంటి మీటరు

"మా అక్క ఇంట్లో ఫ్రిజ్ పాతదని మీకెవరు చెప్పారు?"

మంగళవారం పొద్దున్నే చెల్లెలు వేసిన కేకకి కరెంటాఫీసులో క్యూ అంతా తల తిప్పింది. కౌంటరు వెనక ఆఫీసరు సర్దుకుని కూర్చున్నాడు.

"మీటరు చెప్పిందండీ. ఇదివరకు రీడింగులు బిల్లు కొట్టాక మూలన పడేసేవాళ్ళం. ఇప్పుడు ఏ ఇంట్లో ఏ వస్తువు ఎంత కరెంటు లాగుతోందో కంప్యూటరు విడదీసి చెప్తుంది. కావలసిన కంపెనీలు కొనుక్కుంటాయి. మాకిది బంగారు గని."

"తవ్వుకోవడానికి మా ఇళ్ళే దొరికాయా?"

"బాగా అడిగావమ్మా!" అన్నాడు క్యూలో ఓ పెద్దాయన.

ఆమెకి ఒళ్ళు మండిపోతోంది మరి. అక్క ఒంటరి మనిషి. బట్టలు కుట్టుకుంటూ, ఎవరి జోలికీ పోకుండా బతుకుతోంది. గడప దాటడమే తక్కువ. అలాంటి మనిషిని రెండు నెలలుగా ఫోన్లతో కాల్చుకుతిన్నారు. ఫ్రిజ్ మార్చమని ఒకడు, గీజరు మార్చమని ఇంకొకడు. "రాత్రిళ్ళు మిషను కుడతారు కదా, మంచి లైటు కొనుక్కోండి" అని మరొకడు. ఆ మాటకి అక్క హడలిపోయింది.

"ఎవడో కిటికీలోంచి చూస్తున్నట్టుందే" అంది.

ఆ పోరు పడలేక ఫోనెత్తడమే మానేసింది, చెల్లెలు చేసినా సరే. కబుర్లన్నీ ఇక వారానికోసారి చెల్లెలు వెళ్ళినప్పుడే. అక్క ఎత్తకపోయేసరికి, నిన్నటినుంచి ఈ ఆఫీసు వాళ్ళు చెల్లెలి మీద పడ్డారు. "మీ అక్కగారింట్లో కరెంటు వాడకం..." అనగానే ఆమె ఠక్కున పెట్టేస్తోంది. మళ్ళీ మోగుతోంది.

"ఆ ఫోన్లు నా సెక్షను కాదండీ" అన్నాడు ఆఫీసరు.

"ఎవరిదైతే నాకేం? మా అక్క ఇంటి లెక్కలన్నీ తీసేయండి. ఇప్పుడే, నా కళ్ళముందే."

"తీసేయవయ్యా!" అన్నారు వెనకనుంచి నలుగురు.

అతను గొణుక్కుంటూ మీటరు నంబరు కొట్టాడు. తెర వంక చూశాడు. కళ్ళద్దాలు సరిచేసుకుని మళ్ళీ చూశాడు.

"మేడమ్, శుక్రవారం..."

"శుక్రవారం ఆఫరా? సిగ్గులేదూ?"

క్యూ గొల్లున నవ్వింది.

"అది కాదండీ, ఒక్క మాట..."

"మీ మాటలు వినీ వినీ మా అక్క ఫోనంటేనే వణికిపోతోంది. మనుషులనుకుంటున్నారా, మీ సరుకనుకుంటున్నారా? అమ్మకాలు, బేరాలు తప్ప మీ నోట ఇంకో మాట రాదా? ముందు ఆ బటను నొక్కండి!"

అతను నొక్కలేదు.

"నొక్కరేం? బంగారం పోతుందని బాధా?"

ఆఫీసరు కుర్చీ వెనక్కి నెట్టి లేచాడు. కౌంటరు చుట్టూ తిరిగి వచ్చి ఆమె ఎదురుగా నిలబడ్డాడు. అతని మొహం చూసి క్యూలో నవ్వులు ఒక్కొక్కటే ఆగిపోయాయి.

"శుక్రవారం నుంచి ఆ ఇంట్లో ఒక్క లైటూ వెలగలేదు మేడమ్."